కీటో మళ్లీ మొదలుపెట్టే ముందు బియ్యం గ్లాసు చూడండి

మా వంటగదిలో పై అరలో, ఎవరికీ అందని మూలన ఒక కొబ్బరినూనె డబ్బా ఉంది. డిసెంబరు చలికి గడ్డకట్టి, మూత తీస్తే తెల్లగా మైనంలా కనిపిస్తుంది. 2018లో, అన్నం దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే కీటో డైట్ మొదటిసారి చేసినప్పుడు కొన్నవి కాదు లెండి, అవి ఎప్పుడో అయిపోయాయి. నాలుగు నెలల్లో పద్నాలుగు కేజీలు తగ్గి, ఆ తర్వాత అందులో తొమ్మిది వెనక్కి తెచ్చుకుని, వచ్చే సోమవారం నుంచి మళ్లీ కీటో అని ఒట్టు పెట్టుకుని నేను కొన్న డబ్బా ఇది. ఆ సోమవారం రాలేదు. రాకపోవడమే మంచిదైందని నా వాదన.

ఈ కీటోను మనకు నేర్పిన వీరమాచనేని రామకృష్ణ డైట్ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? కొబ్బరినూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు చాలామందికి నోటికి వచ్చు. ఆ డైట్ మంచిదా చెడ్డదా అన్న గొడవ టీవీల్లో కావలసినంత జరిగింది, నేను అందులోకి పోను. నన్ను తొలిచే ప్రశ్న వేరు. బరువు తిరిగొచ్చిన ప్రతిసారీ అదే గుమ్మం దగ్గరికి ఎందుకు పరిగెడతాం?

మొదటి వారం రుచి మరిగాం కాబట్టి. మన కాలేయంలో, కండరాల్లో నాలుగైదు వందల గ్రాముల గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకున్న చక్కెర, నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన నాలుగైదు రోజుల్లో ఆ నిల్వ కరుగుతుంది, నీళ్లు బాత్రూమ్‌లోకి పోతాయి. శనివారం మిషన్ ఎక్కితే రెండు కేజీలు మాయం! అందులో కొవ్వు వాటా బహు స్వల్పం. అదే లెక్క తిరగబడినా అంతే. రెండు రోజుల పెళ్లి భోజనాలు చేసి వస్తే రెండు కేజీలు పెరిగి, అంతా పోయింది, ఇంకేముంది అని బిర్యానీ ఆర్డర్ పెట్టేస్తాం. తగ్గినప్పుడు సంబరమూ నీళ్లకే, పెరిగినప్పుడు టెన్షనూ నీళ్లకే. నేనైతే బరువు తిరిగొచ్చాక ఆ రెండు కేజీల కోసం మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కసారీ మూడో వారం దాటలేదు.

తిరిగొచ్చిన బరువుకి కారణం మనిషి కక్కుర్తి అనుకోవడం ఇంకో పొరపాటు. ఆస్ట్రేలియాలో యాభై మందికి పది వారాలు కఠినమైన డైట్ పెట్టి, ఏడాది తర్వాత వాళ్ల రక్తం పరీక్షించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఆకలి పెంచే గ్రెలిన్, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్, ఈ రెండు హార్మోన్లూ ఏడాదైనా పాత స్థాయికి రాలేదు. అంటే డైట్ ముగిసిన ఏడాదికి కూడా ఒళ్లు పాత బరువునే అడుగుతోంది. కీటోసిస్‌లో, అంటే ఒళ్లు పిండికి బదులు కొవ్వుతో నడిచే స్థితిలో, ఉన్నన్నాళ్లూ ఆకలి కొంత అణిగి ఉంటుంది. బయటికొచ్చిన రోజు నుంచి అది వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. మళ్లీ లోపలికి దూరితే వసూలు వాయిదా పడుతుందంతే.

కీటోతో షుగర్ మాత్రలు తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, మా బంధువుల్లోనే ఇద్దరు. పిండిపదార్థాలు తగ్గిస్తే షుగర్ దిగుతుందన్నది నిజమే. కానీ బరువు సంగతికొస్తే, స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఏడాది తర్వాత కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కేజీలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కేజీలు తగ్గారు. ఈ ఏడు వందల గ్రాముల తేడాకా ఇన్ని కొట్లాటలు?

పైగా రెండోసారి మొదలుపెట్టేది 2018 నాటి మనిషి కాదు. ఈలోగా డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025లో మన దేశంలో ముగిశాయి. అప్పట్లో ఖరీదైన ఆ షుగర్ మాత్రలు ఇప్పుడు చవకయ్యాయి, మామూలు ప్రిస్క్రిప్షన్లలోకి వచ్చేశాయి. ఇవి వేసుకుంటూ అన్నం పూర్తిగా మానేస్తే, మీటర్‌లో షుగర్ దాదాపు మామూలుగా చూపిస్తుండగానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. వాంతులు, ఆయాసం వస్తాయి, షుగర్ బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చుంటారు. పోయినసారి ఏమీ కాలేదు అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోకండి.

అసలు లోపం ఎక్కడుందంటే, కీటోలోకి ఎలా వెళ్లాలో గంటలు గంటలు చెప్పారు, ఎలా బయటికి రావాలో మనం అడగలేదు. ఈ డైట్‌కు ఆ పేరు 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వచ్చింది, మూర్ఛ రోగుల కోసం. మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ పెడుతున్నారు. సాధారణంగా రెండేళ్లు పెట్టి, ఆపేటప్పుడు నెలల తరబడి కొంచెం కొంచెంగా మాన్పిస్తారు. మన పెద్దవాళ్లకూ ఈ పద్ధతి తెలుసు. టైఫాయిడ్‌తో లంఖణాలు చేసిన మనిషికి పథ్యం పెట్టే రోజంటే ఇంట్లో చిన్న పండగ. పాతబియ్యం మెత్తగా వండి, కారం లేని బీరకాయ కూర, పైన మిరియాల చారు. అదీ నాలుగు ముద్దలే. పప్పుకు ఇంకొన్నాళ్లు ఆగాలి, వంకాయ మాటెత్తితే మా నాయనమ్మ గరిటె చూపించేది. నేను కీటో ఎలా ఆపాను? సంక్రాంతి పొద్దున అరిసెలతో. ఒకటి కాదు, ఐదు.

ఈసారి డబ్బా పైన పెట్టేసి, బియ్యం కొలిచే గ్లాసు మార్చాం. స్టీలు గ్లాసు పోయి చిన్న టీ గ్లాసు వచ్చింది. నాకు వేరే, ఇంటికి వేరే వండే పని మా ఆవిడకు తప్పింది, అది నేను ముందే ఆలోచించాల్సింది. పప్పు గట్టిగా, కూర రెండింతలు, గుడ్డు రోజూ. తొమ్మిదిలో నాలుగు కేజీలు తగ్గడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వాట్సాప్‌లో పెట్టుకునేంత ఫొటో ఏమీ లేదు.

ఇది నా ఒక్కడి కంచం గొడవ కూడా కాదు. భారతీయులు తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని, ప్రొటీన్ వాటా 12 శాతమేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2025లో లెక్క తేల్చింది. దక్షిణాదిన ఆ పిండిలో పెద్ద వాటా తెల్ల బియ్యానిదే. మన రాజకీయం ఎప్పుడూ ఆ వాటా చుట్టూనే తిరిగింది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఆకలి తీరింది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నలభై రెండేళ్ల తర్వాత, 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిందీ బియ్యమే. దొడ్డు బదులు సన్నం, మనిషికి ఆరు కిలోలు, ఉచితం. కొబ్బరినూనె కొనగలిగిన నాలాంటివాడు తన గ్లాసు మార్చుకుంటాడు. నలుగురున్న ఇంటికి నెలకు ఇరవై నాలుగు కిలోల సన్నబియ్యం ఊరికే వస్తుంది. కందిపప్పు, గుడ్లు మాత్రం కూలి డబ్బులతో కిరాణా కొట్లో కొనుక్కోవాలి. ఆ ఇంట్లో షుగర్ వచ్చినావిడకు డాక్టరు అన్నం తగ్గించమ్మా అంటే, బదులుగా ఏం తినమంటారు సార్ అని అడుగుతుంది.