ట్రాష్‌లో ఉంటుందిలే అని నమ్మి డిలీట్ నొక్కకండి

వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత వెబ్‌సైట్లు నడుపుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది: "వర్డ్‌ప్రెస్‌లో ఏది డిలీట్ చేసినా టెన్షన్ వద్దు. అన్నీ ట్రాష్‌లోకే వెళ్తాయి. ఎప్పుడైనా రీస్టోర్ నొక్కితే ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది. కాదంటే హోస్టింగ్ వాళ్ళ దగ్గర బ్యాకప్ ఉండనే ఉంటుంది." ఇందులో ప్రతి మాటా సగమే నిజం. ఆ మిగతా సగం దగ్గరే ఏళ్ళ కష్టం పోతుంది.

"అన్నీ ట్రాష్‌లోకే" అన్నది మొదటి పొరపాటు. 2009లో 2.9 వెర్షన్‌తో వచ్చిన ట్రాష్ పోస్టులకు, పేజీలకు, కామెంట్లకు పనిచేస్తుంది. ఫొటోలకు మామూలుగా పనిచేయదు. మీడియా లైబ్రరీలో డిలీట్ నొక్కితే అసలు ఫైలూ, దాని నుంచి తయారైన చిన్న సైజులూ సర్వర్ నుంచే పోతాయి. మీడియాకూ ట్రాష్ కావాలంటే సైటు ముఖ్య సెట్టింగులుండే wp-config ఫైల్లో మీడియా ట్రాష్ సెట్టింగును మనమే పెట్టుకోవాలి. చాలామందికి అది ఉందనే తెలియదు. "అన్‌అటాచ్డ్" (ఏ పోస్టుకూ జతకానివి) అని చూపించేవి ఎక్కడా వాడనివి అనుకుని ఊడ్చేయడం మరీ ప్రమాదం. నేరుగా లైబ్రరీలోకి ఎక్కించి, తర్వాత పోస్టులో పెట్టిన ఫొటో కూడా అలాగే కనిపించవచ్చు. ఒక ఊరి గ్రంథాలయం సైటులో పాత సభల ఫొటోలు ఉన్నాయనుకోండి. తీసిన ఫోన్ ఎప్పుడో మారిపోయి ఉంటుంది, ఆ సైటులో ఉన్నదే చివరి కాపీ. నాకు దీని మీదే ఎక్కువ బెంగ.

కేటగిరీలకు, మెనూలకు, ప్లగిన్లకు (సైటుకు అదనంగా కలుపుకునే చిన్న ప్రోగ్రాములకు) కూడా ట్రాష్ లేదు.

"ఎప్పుడైనా" అనేదానికీ గడువుంది. మార్చకపోతే 30 రోజులు. ఆ తర్వాత ట్రాష్‌లోని పోస్టు దానంతటదే శాశ్వతంగా పోతుంది, దాని పాత రివిజన్లనూ (మార్పులు సేవ్ చేసినప్పుడల్లా దాచిన పాత ప్రతులనూ) వెంట తీసుకుపోతుంది. సెట్టింగులో ఆ రోజుల సంఖ్యను ఎవరైనా సున్నా చేసి ఉంటే అసలు ట్రాషే ఉండదు, నొక్కిన క్షణమే ఖాళీ.

"ఉన్నది ఉన్నట్టు" కూడా కాదు. 2020 డిసెంబరులో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి, రీస్టోర్ చేసిన పోస్టు మామూలుగా డ్రాఫ్ట్‌గా తిరిగొస్తుంది. మళ్ళీ పబ్లిష్ నొక్కేదాకా పాఠకులకు కనిపించదు. రీస్టోర్ చేశాక కూడా లింక్ తెరుచుకోవడం లేదని కంగారు పడేవాళ్ళు ముందు ఇది చూసుకోండి. పాత రివిజన్‌కు వెనక్కి వెళ్ళినా మామూలుగా తిరిగొచ్చేవి శీర్షిక, వ్యాసం, సారాంశం మాత్రమే. మార్చేసిన కేటగిరీలు, ట్యాగ్‌లు వెనక్కి రావు.

ఇక బ్యాకప్. హోస్టింగ్ వాళ్ళు తీస్తారా, ఎన్నిరోజులు ఉంచుతారు అన్నది మీరు కొన్న ప్లాన్‌ను బట్టి ఉంటుంది. దాన్ని ఈరోజే అడిగి తెలుసుకోండి. వర్డ్‌ప్రెస్ టూల్స్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌ను బ్యాకప్ అనుకోవద్దు. అందులో వచ్చే ఫైల్లో వ్యాసాలు ఉంటాయి గానీ ఫొటోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. పాత సైటు ఆగిపోతే ఆ చిరునామాలతో ఒక్క బొమ్మా తెచ్చుకోలేం. వ్యాసాలుండే డేటాబేస్, ఫొటోలుండే wp-content ఫోల్డర్ రెండూ కలిపి దించుకుని, సైటున్న సర్వర్‌లో కాకుండా మీ దగ్గర ఉంచుకోండి. ఏదైనా డిలీట్ చేసే ముందు ఆ కాపీలోని అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, ఫొటోలు నిజంగా ఉన్నాయో లేదో చూసుకోండి.