నాలుగు స్టార్లు దాటితే కళ్ళు మూసుకుని కొనేయాలా?

ఈ నెలలో ఐదోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా బాబాయ్ విడిగా పంపాడు, మళ్ళీ ఇంటర్ బ్యాచ్‌లోనే ఇంకొకడు, నిన్న రాత్రి మా వదిన. "ఆన్‌లైన్‌లో మోసపోకుండా కొనడానికి 6 సూత్రాలు, పది మందికీ పంపండి" అని. చూడనివాళ్ళ కోసం ఆ ఆరూ చెప్తా. రేటింగ్ 4 దాటిన సెల్లర్ దగ్గర కళ్ళు మూసుకుని కొనొచ్చంట. రేటింగులు వేలల్లో ఉంటే మోసం కుదరదంట. కొన్నవాళ్ళే రాశారని గుర్తు ఉన్న రివ్యూ ఎప్పుడూ నిజమేనంట. ఒక్క స్టార్ రివ్యూలు పోటీ సెల్లర్లు రాయించేవి కాబట్టి వదిలేయాలంట. రేటింగ్ బాగుంటే ఐఎస్ఐ మార్కు, బిల్లు, వారంటీ ఏవీ చూడక్కర్లేదంట, లక్షల మంది వాడి ఇచ్చిన స్టార్లే అసలు మార్కంట. చివరికి, 2022 నుంచి రేటింగులన్నీ ప్రభుత్వమే చెక్ చేస్తోందంట.

గ్రూపులో రెండు సార్లు చిన్నగా చెప్పి చూశా, ఎవరూ పట్టించుకోలేదు, అందుకే ఇంత రాస్తున్నా.

మొదటిదాంతో మొదలుపెడదాం. రేటింగ్ 4 దాటింది అంటున్నారు, ఎవరి రేటింగ్? పేజీలో పేరు కింద పెద్దగా కనపడే స్టార్లు వస్తువువి, సెల్లర్‌వి కావు. సెల్లర్ రేటింగ్ కావాలంటే కిందకెళ్ళి, అమ్మేవాడి పేరు వెతికి, దాన్ని నొక్కాలి. మెసేజ్ ఫార్వర్డ్ చేసిన ఐదుగురినీ అడిగా, ఆ పేరు నొక్కి చూసిన వాళ్ళు ఒక్కరూ లేరు. ఒకే వస్తువుని ఒకే పేజీలో నలుగురైదుగురు సెల్లర్లు అమ్ముతుంటారు, ఇవాళ మీకు ముందు కనపడేవాడు రేపు ఉండకపోవచ్చు, ధర పది రూపాయలు తగ్గించినవాడు ముందుకొస్తాడు, కానీ స్టార్లు మాత్రం అందరికీ కలిపి అవే. మంచి సెల్లర్ పంపిన సరుకుకి వచ్చిన స్టార్లు చూసి మీరు ఇంకెవడి దగ్గరో కొంటున్నారు.

సరే, పేరు నొక్కి సెల్లర్ రేటింగే చూశారనుకుందాం. అందులో ఏముంటుందో కూడా తెలియాలి కదా. అమెజాన్‌లో అయితే సరుకు వాళ్ళ గోడౌన్ నుంచే వచ్చినప్పుడు, ఆలస్యమైందనో ప్యాకింగ్ చిరిగిందనో మీరు సెల్లర్ మీద రాస్తే దానిమీద గీత కొట్టేస్తారు, డెలివరీ బాధ్యత మాది, సెల్లర్‌ది కాదు అని. పోనీ వస్తువు బాగాలేదని మాత్రమే రాస్తే, ఇది వస్తువు రివ్యూ, ఇక్కడ రాయాల్సింది కాదు అని తీసేస్తారు. వాళ్ళ రూల్ ప్రకారం రెండూ న్యాయమే, నేను కాదనను. కానీ ఆ రెండూ తీసేశాక సెల్లర్ పేరు పక్కన కనపడే "96 శాతం మంచి రేటింగ్" లాంటిది దేని గురించి చెప్తోందో మీరే ఆలోచించండి. మీ చేతికొచ్చే వస్తువు ఎన్నాళ్ళు పనిచేస్తుందన్న దాని గురించి మాత్రం కాదు.

రెండోది, వేలల్లో ఉంటే మోసం కుదరదన్నది. కుదురుతుంది. పాత పేజీలో వస్తువు మార్చేసి కొత్తది పెడతారు, లేదా పది రకాలని ఒకే పేజీ కింద కలిపేస్తారు, ఒకదానికొచ్చిన స్టార్లు మిగతా తొమ్మిదికీ అంటుకుంటాయి. అమెరికాలో విటమిన్ మాత్రలమ్మే ఒక పెద్ద కంపెనీ సరిగ్గా ఇదే చేసిందని 2023లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి 6 లక్షల డాలర్లు కట్టించుకుంది. రివ్యూలు కిందకి జరిపి పాతవి చదవండి, మిక్సీ పేజీలో కుక్కర్ మూత గురించి ఎవరో రాసి ఉంటే విషయం అర్థమైపోతుంది. ఇంతకన్నా దీని మీద టైమ్ పెట్టను.

మూడోది, కొన్నవాళ్ళే రాశారన్న గుర్తు. ఆ గుర్తుకి అర్థం ఆ అకౌంట్ నుంచి ఆర్డర్ పడిందని, అంతే. డబ్బు చివరికి ఎవరి జేబులోంచి పోయిందో అది చెప్పదు. టెలిగ్రామ్‌లో గ్రూపులున్నాయి, మీరు ఆర్డర్ పెట్టాలి, సరుకు వచ్చాక ఐదు స్టార్లిచ్చి నాలుగు ముక్కలు రాయాలి, స్క్రీన్‌షాట్ పంపితే మొత్తం డబ్బు మీ యూపీఐకి వెనక్కొస్తుంది. ఆ రివ్యూకీ గుర్తు పడుతుంది. ఇంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు, మొన్న నేను కొన్న ఇయర్‌ఫోన్స్ డబ్బాలో చిన్న కార్డు ఉంది, ఐదు స్టార్లిచ్చి ఫొటో పంపితే వంద రూపాయలంట. మా ఆఫీసులో ఒకమ్మాయి "వంద వస్తుంటే ఎందుకు వదలాలి, ఎవరికి నష్టం?" అంది. నష్టం మీ తర్వాత కొనేవాళ్ళకి. అందులో మీ అమ్మ కూడా ఉండొచ్చు.

ఇదే అలవాటు ఇంకో గోతిలోకి కూడా తీసుకెళ్తోంది. ఇంట్లో కూర్చుని రేటింగులిస్తే రోజుకింత అని వాట్సాప్‌లో ఉద్యోగం మెసేజ్‌లు వస్తాయే, మొదట నూట యాభై, రెండొందలు నిజంగానే వేస్తారు, తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని మన చేత వేలు, లక్షలు కట్టిస్తారు. ఇలాంటి పార్ట్‌టైమ్ పని మోసాలు నడిపే 100కి పైగా వెబ్‌సైట్లని 2023 డిసెంబర్‌లో కేంద్రం బ్లాక్ చేసింది, అయినా ఆగలేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంట గడిచేకొద్దీ ఆ డబ్బు అకౌంట్లు మారిపోతుంటుంది.

ఇక ఐదోది, రేటింగ్ బాగుంటే ఐఎస్ఐ మార్కు, బిల్లు, వారంటీ చూడక్కర్లేదన్నది. నాలుగు, ఆరు తర్వాత చూద్దాం. నాకు కోపం తెప్పించింది ఇదే, ఈ పోస్ట్ రాయడానికి కారణమూ ఇదే.

తెనాలిలో మా అత్తయ్య పోయిన శీతాకాలం నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. 4.3 రేటింగ్, తొమ్మిది వేల పైన రేటింగులు, సెల్లర్‌కీ మంచి రేటింగే. వచ్చింది రెండు పిన్నుల ప్లగ్గుతో. అంటే ఎర్త్ లేదు. డబ్బా మీద ఐఎస్ఐ లేదు, తయారీదారు అడ్రస్ లేదు. మూడో నెలలో ఒక పొద్దున నీళ్ళు కాగాయో లేదో అని బకెట్లో వేలు పెట్టింది, షాక్ కొట్టి వెనక్కి పడింది. బకెట్ తిరగబడింది కాబట్టి బతికింది. చెయ్యి వారం రోజులు తిమ్మిరిగానే ఉంది.

నేను వెళ్ళి ఆ పేజీలో ఉన్న రివ్యూలు రాత్రంతా చదివా. "డెలివరీ సూపర్", "ప్యాకింగ్ బాగుంది", "ఇప్పుడే వచ్చింది, వాడి చెప్తా", "పది నిమిషాల్లో నీళ్ళు కాగాయి". నిజమే, పది నిమిషాల్లో కాగి ఉంటాయి. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. సరుకు వచ్చిన రెండో రోజో మూడో రోజో యాప్ అడుగుతుంది, రేటింగ్ ఇవ్వమని, ఇస్తాం, మర్చిపోతాం. రాడ్ లోపల సీలు పాడై నీళ్ళు దిగేది మూడో నెలలో. అప్పుడు మళ్ళీ ఆ పేజీకి వెళ్ళి రాసేవాళ్ళు ఎంతమంది? దొంగ రివ్యూలు ఒక్కటి కూడా లేకపోయినా, రాసినవాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులే అయినా, ఆ స్టార్లు చెప్పేది రెండో రోజు సంగతే. ఎర్త్ ఉందా లేదా, ప్రెషర్ ఎక్కువైతే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుందా లేదా, హెల్మెట్ రోడ్డుకి తగిలినప్పుడు పగులుతుందా లేదా, ఇవి వాడి చెప్పే విషయాలు కావు. హెల్మెట్‌కి ఐదు స్టార్లిచ్చినవాళ్ళలో ఎంతమంది దాంతో కిందపడి చూసి ఇచ్చుంటారు? అందుకే ల్యాబ్‌లో పెట్టి, విరగ్గొట్టి, కాల్చి పరీక్ష చేసి మార్కు ఇస్తారు. ఏ వస్తువుకి ఏ పరీక్షో చెప్పే ప్రమాణానికి ఒక నంబరు ఉంటుంది, హీటర్ రాడ్‌కి ఐఎస్ 368, హెల్మెట్‌కి ఐఎస్ 4151, కుక్కర్‌కి ఐఎస్ 2347. ఈ మూడింటికీ ఐఎస్ఐ తప్పనిసరి, అది లేకుండా అమ్మడమే నేరం. తప్పనిసరి అయినదాన్ని "చూడక్కర్లేదు" అని పది మందికీ పంపమంటున్నారు!

అంత పెద్ద సైట్లలో మార్కు లేనివి ఎందుకు ఉంటాయి అని మా వదిన అడిగింది. ఉన్నాయి కాబట్టే 2022 ఆగస్టులో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ అమెజాన్‌కి, ఫ్లిప్‌కార్ట్‌కి చెరో లక్ష జరిమానా వేసింది. ప్రమాణాలకి తగ్గట్టు లేని ప్రెషర్ కుక్కర్లు అమెజాన్‌లో 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో 598 అమ్ముడుపోయాయి, అదీ ఐఎస్ఐ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు వచ్చాక. వాటి మీద అమెజాన్‌కి వచ్చిన కమీషన్ 6,14,825 రూపాయలని ఆ ఆర్డర్‌లోనే ఉంది. ఆరు లక్షల కమీషన్, లక్ష జరిమానా. తర్వాత విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. నేను అడిగేది ఒక్కటే, వంటింట్లో విజిల్ వేసే దాని దగ్గర మీ అమ్మ నిలబడి ఉంటే, మీకు స్టార్లు కావాలా, మార్కు కావాలా?

మార్కు బొమ్మని కూడా ఊరికే నమ్మొద్దు, స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని నంబరు ఉంటుంది, ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది బీఐఎస్ కేర్ అని ఫోన్ యాప్ ఉంది, ఆ నంబరు కొడితే లైసెన్స్ ఎవరిది, ఏ వస్తువుకి ఇచ్చారు, ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. ఛార్జర్, పవర్ బ్యాంక్ లాంటివైతే ఆర్ తో మొదలయ్యే నంబరు, అదీ ఆ యాప్‌లోనే. ఒక్క నిమిషం పని.

అత్తయ్య విషయంలో నేను పాడైన రాడ్ ఫొటోతో సహా ఒక్క స్టార్ రివ్యూ పెట్టా. మూడో రోజు ఫోన్ వచ్చింది, రివ్యూ తీసేస్తే డబ్బు రెట్టింపు ఇస్తామని. తీయనన్నా. వారం తర్వాత చూస్తే ఆ పేజీయే లేదు, అదే రాడ్, అదే ఫొటో, ఇంకో బ్రాండ్ పేరుతో కొత్త పేజీలో ఉంది. నా రివ్యూ పాత పేజీతోనే పోయింది. ఇంక బిల్లెందుకు, వారంటీ ఎందుకు అంటారా? పేజీ మాయమయ్యాక నా చేతిలో మిగిలింది ఆ జీఎస్టీ బిల్లు ఒక్కటే, దాంతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వగలిగా, 40 రోజులు పట్టినా డబ్బు వెనక్కొచ్చింది.

ఆరోది, రేటింగులన్నీ ప్రభుత్వమే చెక్ చేస్తోందన్నది, తేల్చేద్దాం. 2022 నవంబర్‌లో బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా వడకట్టాలి, ఎలా ప్రచురించాలి అని. మంచి పనే. కానీ అది స్వచ్ఛందం, ఇష్టమున్న కంపెనీ పాటిస్తుంది. ప్రభుత్వం కూర్చుని రివ్యూలు చదవట్లేదు. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో సెల్లర్ తానే కొనుగోలుదారుడిలా నటించి రివ్యూ రాయకూడదని స్పష్టంగా ఉంది, కానీ ఎవరో ఒకరు పట్టుకుని కంప్లైంట్ చేస్తేనే కదా అది కదిలేది. అవే రూల్స్‌లో ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అని కూడా ఉంది, అది ఫార్వర్డ్ చేయండి, పనికొస్తుంది.

నాలుగోది, ఒక్క స్టార్ రివ్యూలు వదిలేయాలన్నది, చివరికి ఎందుకు ఉంచానంటే, ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. మంగళగిరిలో మా స్నేహితురాలు చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. తనకొచ్చిన ఒక్క స్టార్లన్నీ కూర్చుని చదివాం. ఒకరు కొరియర్ అబ్బాయి నాలుగో అంతస్తు ఎక్కలేదని, ఒకరు ఫోన్‌లో కనపడిన ఎరుపు ఇది కాదని, ఒకరు అడ్రస్ తప్పు ఇచ్చి పార్శిల్ రాలేదని. మగ్గం మీద నేసిన చీరలో అక్కడక్కడా పోగు తేడా ఉందని ఇంకొకరు. ఆ నాలుగు రివ్యూలకి తన రేటింగ్ 4.6 నుంచి 3.9కి పడింది, ఆర్డర్లు సగమయ్యాయి. వందల రేటింగులున్న పెద్ద సెల్లర్‌కి నాలుగు ఒక్క స్టార్లు లెక్కే కాదు, ఇరవై రేటింగులున్న తనకి అవే దెబ్బ. పైగా ఊరూ పేరూ తెలియనివాళ్ళు తన దగ్గర కొనడానికి ఆ స్టార్లు తప్ప ఇంకో ఆధారమే లేదు, మా వీధి చివర షాపువాడికి స్టార్లే లేవు, బిల్లడిగితే కసురుకుంటాడు, వాడికన్నా ఇదే నయం. కాబట్టి రేటింగులు పనికిమాలినవని నేను అనట్లేదు. చీర, పుస్తకం, దుప్పటి, బొమ్మ కొనేటప్పుడు నేనూ చూస్తా. కాకపోతే ఒక్క స్టార్లని వదిలేయను, అన్నిటికన్నా ముందు అవే చదువుతా, కొరియర్ మీద కోపమా, వస్తువు మీదా అని. నలుగురు నాలుగు వేర్వేరు నెలల్లో ఒకే లోపం రాశారంటే అది పోటీవాడి పని కాదు.

ఇది రాస్తూ నేనూ ఒక పని చేశా. పోయిన ఏడాది కొన్న మిక్సీకి రెండో రోజే ఐదు స్టార్లిచ్చి వదిలేశా. ఇవాళ ఆ పేజీకి వెళ్ళి మార్చా. ఎనిమిదో నెలలో జార్ కింద కప్లర్ అరిగింది, వారంటీలో మార్చారు కానీ సర్వీస్ సెంటర్ చుట్టూ మూడు సార్లు తిరగాల్సి వచ్చింది, మోటార్ బాగానే ఉంది, ఇడ్లీ పిండికి వేడెక్కుతుంది అని రాసి మూడు స్టార్లిచ్చా.