ఆరో రకం స్రావ వ్యవస్థ గారికి ఒక గెట్టు ఫిర్యాదు

మహారాజశ్రీ ఆరో రకం స్రావ వ్యవస్థ గారికి,

హనుమకొండ నుంచి ఒక ల్యాబు ఉద్యోగి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. బాక్టీరియా లోపల ఉండి పక్క కణంలోకి విషపు ఈటె దించే యంత్రాంగం తమరు. తమరున్న చోట ఉభయులూ కుశలంగా ఉండటం అరుదు కదా.

2006లో కలరా బాక్టీరియాలో తమరి ఉనికి బయటపడింది. అంతకు చాలా ముందే, 1925లోనే, ఇ.కోలై అనే పేగుల బాక్టీరియా తన జాతివాళ్ల మీదే ప్రయోగించే కోలిసిన్ అనే విషం దొరికింది. అయితే దాన్ని బయటికి వదలాలంటే తయారుచేసిన కణం పగిలి చావాలి. అంత త్యాగం తమరికి సరిపడదు. బాక్టీరియాను వేటాడే వైరస్ తోకను పోలిన ఈటె ఒకటి లోపల అమర్చుకున్నారు. చుట్టూ ఉన్న తొడుగు కొన్ని మిల్లీసెకన్లలో ముడుచుకుంటుంది, విషం పూసిన మొన పొరుగువాడి ఒంట్లో దిగుతుంది. తరువాత ఆ తొడుగు ముక్కలనే విప్పి మళ్లీ వాడుకుంటారు. పొదుపులో తమరిని మించినవారు లేరు.

ఇక అసలు సంగతి. మూత్రనాళపు ఇన్ఫెక్షన్లు తెచ్చే ప్రోటియస్ అనే బాక్టీరియాను సాయంత్రం, బాక్టీరియాను పెంచడానికి వాడే రక్తం కలిపిన అగర్ ప్లేటు మీద చుక్కగా పెట్టి వెళితే, తెల్లారేసరికి అలలు అలలుగా ప్లేటంతా పాకి ఉంటుంది. మూత తీస్తే ఆ కంపుకు పక్క బల్లవాళ్లు కూడా లేచి వెళతారు. ఇద్దరు రోగుల నుంచి తీసిన ప్రోటియస్‌ను ఒకే ప్లేటుకు చెరోవైపు పెడితే మాత్రం చూడాలి వేడుక. రెండూ ఒకే వంశానివైతే అలలు నిశ్శబ్దంగా కలిసిపోతాయి. వేరు వంశాలైతే మధ్యలో సన్నని గీత పడుతుంది, గీత పొడవునా చచ్చిన కణాలే. డీన్స్ అనే ఆయన 1946లోనే దీని గురించి రాశారు. ఇన్ఫెక్షన్ ఒక మంచం నుంచి మరో మంచానికి పాకిందా అని తేల్చుకోవడానికి ఈ గీతనే సాక్ష్యంగా వాడుతుంటారు. గీత వెనుక ఉన్న చెయ్యి తమరిదని చాలాకాలం తరువాత గాని తెలియలేదు.

పరకాల వైపు పొలాల్లో ఇలాంటి గెట్టు తగాదాలు నేను ఎరుగుదును. ఒకే ఇంటిపేరు, ఒకే బావి నీళ్లు. అందుకే పేచీ పొరుగూరివాడితో రాదు, పెద్దనాన్న కొడుకుతోనే వస్తుంది. తమరి లెక్కా అంతే. తినే తిండి, ఉండే చోటు ఒకటే అయినవాడే అసలు పోటీదారు. జాతి పేరు ఒకటైతే ఏం లాభం? తోబుట్టువులను కూడా తమరు పొడుస్తూనే ఉంటారట! వాళ్ల దగ్గర ఆ విషానికి విరుగుడు ప్రోటీన్ ఉంటుంది కనుక బతికిపోతారు. విరుగుడు లేనివాడు చుట్టం కాడు. పొడిచి చూసి చుట్టరికం తేల్చే పద్ధతి మా పెద్దమనుషులకు ఇంకా తట్టలేదు, అదృష్టం.

కలరా బాక్టీరియా చేత తమరు చేయించే పని మరీ ఘోరం. రొయ్యపెంకుల్లో ఉండే కైటిన్ అనే పదార్థం మీద చేరినప్పుడు పొరుగువాణ్ణి పొడిచి, చీలిన శరీరం నుంచి జారిన డీఎన్ఏను లోపలికి లాక్కుంటుంది. మా దాయాదులు రెండు గుంటల కోసం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కుతారు గాని, శవం జేబులోంచి పట్టా పుస్తకం తీసుకోరు. సూడోమోనాస్ అనే మరో బాక్టీరియా కాస్త నయం. తనను ఎక్కడ పొడిచారో ఆ వైపుకే తిరిగి పొడుస్తుంది.

మా సర్వేయర్ గొలుసు పట్టుకుని రావడానికి నెలలు పడుతుంది, తమరు రాత్రికి రాత్రే హద్దు గీస్తారు. ఆ ఉద్యోగానికి తమరి పేరు సూచిద్దామనుకున్నాను. ఇరుపక్షాల సంతకాలు కావాలన్నారు. తమరి గీత దగ్గర సంతకం పెట్టడానికి ఎవరూ మిగలరు.

కనుక మనవి ఏమనగా, ఇకపై మూత్రం నమూనాలను మెకాంకీ అగర్ మీదే వేయదలిచాను. అందులోని పైత్య లవణాల వల్ల ప్రోటియస్ పాకలేదు. అలలు ఎదురుపడవు, గెట్టూ పడదు. అభ్యంతరాలుంటే నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలుపగలరు. ఈటెతో రావద్దు.

ఇట్లు,
ప్లేట్లు కడిగి అలసిన విధేయుడు