వేల్స్ ప్రేమ చెంచా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రేమ చెంచా గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయ కుశలోపరి. తమరు దుకాణం గోడ మీద మేకుకు వేలాడుతూ, మెడలో ధర చీటీతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒకప్పుడు కుర్రాళ్లు మనసుపడ్డ పిల్లకు ఇవ్వడానికి చేత్తో చెక్కిన చెక్క చెంచా తమరేనని, ఎరగనివారి కోసం ముందే మనవి చేస్తున్నాను.

చెంచా జన్మ ఎత్తి పులుసు మొహం చూడని భాగ్యం అందరికీ దక్కదు. తమ తాతముత్తాతలకు దక్కలేదు. మాంసమూ దుంపలూ వేసి కాచే ‘కౌల్’ అనే పులుసులో మునుగుతూ తేలుతూ వేల్స్ పల్లెల్లో వాళ్లు బతుకు వెళ్లదీశారు. తిండికి తన వాసన అంటించదని సికమోర్ అనే చెట్టు చెక్కను ఏరి మరీ చేసేవారు వాళ్లను. అంతటి వినయం గల వంశంలో పుట్టి, కాడ నిండా హృదయాలూ తాళాలూ చక్రాలూ తగిలించుకుని తమరు వంటింటి గడప దాటారు. వేల్స్ రాజధాని కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో ఉన్న తమ బంధువు మీద 1667 అని చెక్కి ఉంది. తేదీ ఉన్న వేల్స్ ప్రేమ చెంచాల్లో అంతకంటే పాతది తెలియదట. అంటే తమరు పని ఎగ్గొట్టడం మొదలుపెట్టి కనీసం మూడున్నర శతాబ్దాలు. సర్కారు కొలువులో కూడా ఇంత సెలవు మంజూరు కాదు.

అయినా ఆనాటి తమరంటే నాకు గౌరవమే. పొలం పని చేసే కుర్రాడికి చలికాలపు సాయంత్రాల్లో పొయ్యి పక్కన కాస్త తీరిక చిక్కేది. చేతిలో ఒక కత్తి, గుంట తొలవడానికి మొన వంగిన మరో కత్తి, ఒకే ఒక్క చెక్కముక్క. అతుకులకు వీల్లేదు. గొలుసు కావాలా? ముందు చెక్కను కొస నుంచి చూస్తే కూడిక గుర్తులా కనిపించేట్టు చెక్కాలి. ఆపైన అడ్డరెక్కల నుంచి ఒక లంకె, నిలువు రెక్కల నుంచి మరో లంకె, ఒకదాంట్లో ఒకటి దూరి ఉండగానే విడదీయాలి. కాడలోనే తొలిచే బోనులో బంతి ఇంకా మొండి వ్యవహారం. విడిగా చేసి లోపల వేద్దామంటే అది కమ్మీల సందు కంటే పెద్దది. కాబట్టి సందుల్లోంచి కత్తి దూర్చి, లోపలి చెక్కనే గుండ్రంగా తొలుచుకుంటూ రావాలి. చివరి లంకె దగ్గర చేయి జారి పగులు వచ్చిందంటే మరో చెక్క వెతుక్కోవడమే. నోరు పెగలని కుర్రాడి తరఫున అప్పట్లో తమరు మాట్లాడేవారు. పిల్లవాడికి ఓపిక ఉందా, చేతిలో పని ఉందా అన్నది పిల్ల ఆ చెంచాను అటూ ఇటూ తిప్పి చూసి తేల్చుకునేది.

ఇక్కడ కాస్త అసూయ కూడా ఉందని విన్నవించుకుంటాను. మా పెళ్లిచూపుల్లో పరీక్షలన్నీ పిల్లకే. పాడమన్నారు, నడవమన్నారు, గోడ మీది కుట్టుపని నీదేనా అని ఆరా తీశారు. పిల్లవాడి జీతం వాళ్ల నాన్న చెప్పాడు, పిల్లవాడు బజ్జీలు తిన్నాడు. “ఏదీ బాబూ, నీ చేత్తో చేసిందేదైనా చూపించు” అని అడిగిన మామగారిని నేను ఇంతవరకూ చూడలేదు. తమరు ఒక్క తరం ముందు ఇటు దయచేసి ఉంటే మా పెళ్లిళ్ల పేరయ్యలు సగంమంది వృత్తి మానుకునేవారు.

ఇక అసలు ఫిర్యాదు. ఇప్పుడు తమలో చాలామందిని యంత్రమే కోసి పారేస్తోంది. కొనేవాడి శ్రమ జేబులోంచి పర్సు తీయడం వరకే. తమ వెంట ఒక అచ్చు చీటీ కూడా వస్తుంది: హృదయం అంటే ప్రేమ, తాళం అంటే నా ఇల్లు నీదే, లంగరు అంటే ఇక ఎక్కడికీ పోను, చక్రం అంటే నీకోసం కష్టపడతాను. ఆ చక్రం దగ్గరే నాకు నవ్వు ఆగదు. నీకోసం కష్టపడతానని చెప్పే గుర్తును ఇంకెవరి కష్టానికో డబ్బు కట్టి తెచ్చి, ఆ సంగతి అర్థం కాదేమోనని చీటీ జతచేసి ఇవ్వడం! ఒకప్పుడు మూగవాడికి మాటగా ఉన్న తమరికి ఇప్పుడు దుబాసీ కావలసి వచ్చింది. ఆ దుబాసీల మధ్య కూడా పొత్తు లేదు. బోనులో బంతులు పుట్టబోయే పిల్లల లెక్క అని ఒక దుకాణం, ప్రేమలో బందీనయ్యానని ఇంకో దుకాణం. ఇప్పటికీ కత్తి పట్టి, చేత్తో చెక్కేవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్ల జోలికి నేను పోను. అయితే పెళ్లికీ, నామకరణానికీ, పుట్టినరోజుకూ ఒకే చెంచా మీద పేరు మార్చి ఇస్తుంటే తమరికి మొహమాటంగా లేదా?

జనవరి 25న వేల్స్ ప్రేమికుల పండుగకు తమరికి గిరాకీ ఎక్కువని వేరే చెప్పాలా. ఆ పండుగ డ్విన్వెన్ అనే పుణ్యస్త్రీ పేరిట. కథ ప్రకారం ఆమె తనను ప్రేమించినవాడు మంచుగడ్డగా మారితే, వాణ్ణి కరిగించమనీ, ప్రేమికులను చల్లగా చూడమనీ, తనకు మాత్రం పెళ్లే వద్దనీ మూడు వరాలు కోరి సన్యాసినిగా ఉండిపోయింది. మొత్తం వ్యవహారంలో తెలివైన నిర్ణయం ఆవిడదే అనిపిస్తుంది.

ఇట్లు,
పులుసు గిన్నె ముందు చెంచా కోసం ఎదురుచూస్తున్న
ఒక తెలుగువాడు

తా.క. బోనులో బంతులు ఎన్ని కావాలంటే అన్ని వేయించి ఇస్తారట. పిల్లల లెక్క అనే అర్థమే ఖాయం చేసుకునేట్టయితే, ఆర్డరు పెట్టే ముందు పెళ్లికూతుర్ని ఒక మాట అడగమని ఆ చీటీలోనే అచ్చు వేయించగలరు.