తేలు మంత్రం గారికి, గోదారి లంక నుంచి

అయ్యా తేలు మంత్రం గారూ,

ఆయ్, బాగున్నారా అండి. ఈమధ్య మీరు ఫోన్లో కూడా పనిచేస్తున్నారంట కదా, కుట్టించుకున్నోడు రాజోల్లో ఉంటే చదివేవాడు హైదరాబాద్‌లో ఉంటాడంట, స్పీకర్ ఆన్ చేసి ఫోను కాలి దగ్గర పెడితే విషం దిగిపోద్దంట. సిగ్నల్ అందని లంకల్లో ఎలా దిగుద్దో మరి మీకే తెలియాలి.

మీ చదువు తక్కువదని నేననను. గ్రహణం పట్టినప్పుడు గోదాట్లో పీకల్లోతు నీళ్లల్లో నిలబడి జపిస్తేగానీ మీరు పట్టుబడరంట. పైగా మిమ్మల్ని వేసేవాళ్లు డబ్బు పుచ్చుకోరు, ఆ ఒక్క విషయంలో టౌన్లో పెద్ద బోర్డులు పెట్టుకున్న కొందరి కంటే మీరే నయం.

కాకపోతే మీ పేరు ప్రతిష్టల సంగతి కొంచెం మాట్లాడుకోవాలండి. తేలు సాలీడుకి చుట్టం, ఎనిమిది కాళ్ల జాతి. దాని విషం బొద్దింకల కోసం, మిడతల కోసం దాచుకున్నది, మనం తొక్కితేనో చూడకుండా చెయ్యి పెడితేనో తప్ప మన మీద ఖర్చు పెట్టదు. మన కొబ్బరి డొక్కల గుట్టల్లో, తాటాకుల్లో, ఇటుకల కింద ఉండే తేళ్లలో చాలావాటికి మనిషిని చంపేంత విషం లేదు. మండ్రగబ్బ ఉందిగా, నల్లగా అరచెయ్యంత, చూస్తేనే సగం ప్రాణం పోద్ది, అది కుట్టినా మంట, నొప్పి, కాస్త వాపు, పూట గడిచేసరికి మామూలుగా దానంతటదే తగ్గుద్ది. ఈలోపు మీరు వేపమండతో దిగి, అదిగో మోకాలికి దిగింది, ఇదిగో చీలమండకి దిగింది అని రన్నింగ్ కామెంట్రీ మొదలెడతారు. పని చేసింది గడియారం, దండ పడింది మీకు. మీ అసిస్టెంటు చింతగింజ కూడా అంతే, అరగదీసి అంటిస్తే కాసేపటికి ఊడి పడుద్ది, విషం మొత్తం పీల్చేసిందంటారు, ఆరిపోయాక ఊడక ఏం చేద్దండి.

అసలు పరీక్ష ఎర్ర తేలు దగ్గర. అది వేలంతే ఉంటది, డెక్కలు సన్నం, తోక లావు, ఎవడూ లెక్క చెయ్యడు, మండ్రగబ్బకి కేకలేసినవాళ్లే దీన్ని చెప్పుతో పక్కకి తోసేస్తారు. అది కుడితే ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం, తర్వాత గుండె మీదకొచ్చి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. చిన్నపిల్లలకైతే మరీ ప్రమాదం. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు గారు ఇలాంటి కేసులు దగ్గరుండి చూసి, లక్షణాలన్నీ రాసుకుని, 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఆ తర్వాత బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మాత్ర ఇవ్వడం మొదలెడితే చావులు బాగా తగ్గిపోయాయి. 2022లో ఆయనకి పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆయన ఏ నీళ్లల్లోనూ నిలబడినట్టు దాఖలా లేదండి.

తేలుకి పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందంట, మీకిస్తే తెల్లవార్లూ కూర్చోబెడతన్నారు. మా బాధ అదే. మండ్రగబ్బ కుట్టినోణ్ణి మీరు ఎంతసేపు కూర్చోబెట్టినా పోయేదేం లేదు, ఎర్ర తేలు కుట్టిన పిల్లాడికి మాత్రం మీరు తినేసిన ఆ గంటలే మందు.

అయినా అంతా మీ మీదే తోసెయ్యడం అన్యాయం లెండి. వరదొచ్చి బొరియల్లో నీళ్లు నిండితే తేళ్లు మెరక చూసుకుని మా ఇళ్లల్లోకే వస్తాయి, అవి తిరిగేది రాత్రుళ్లు, ఏరు దాటించే పంటు తిరిగేది పగలు, ఆస్పత్రి ఏమో అవతలి గట్టున. మీ పవరంతా ఆ పంటు టైమింగ్స్‌లోనే ఉందండి, మంత్రాక్షరాల్లో కాదు. వంతెన వేస్తామని ఓట్లకొచ్చినోళ్లంతా తెలియకుండానే మీకు శిష్యులు. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే తేలు చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తది, ఇంటికొకటి ఇప్పించొచ్చు, కానీ దాని మీద ఫొటో ఎవరిది వెయ్యాలో తేలేసరికి ఇంకో వరదొస్తది.

అంచేత మిమ్మల్ని మానెయ్యమనట్లేదు. చెమటలు పట్టి వాంతులైన పిల్లాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టకుండా బయల్దేరనివ్వండి, మీరు పక్కనే కూర్చుని దారంతా చదువుకోండి, ఎవరూ కాదనరు. పడవవాణ్ణి నిద్ర లేపే మంత్రం ఏదన్నా మీ దగ్గరుంటే ముందు అది చదవండి.

ఇట్లు,
చెప్పులు దులిపి వేసుకునే లంకవాసి