మేత బయలులోకి నడుస్తున్న ముళ్లకంచె గారికి

అయ్యా ముళ్లకంచె గారూ,

మహారాష్ట్రలోని సిరోంచా తాలూకా నుంచి నమస్కారాలు. మీ ఆరోగ్యం గురించి అడగనక్కర లేదు, ఏటేటా ఒళ్లు చేస్తున్నారు. పోయిన వానాకాలంలో చింతచెట్టుకు ఇవతల ఉన్న మీరు ఈ ఏడు దుక్కులయ్యేసరికి చెట్టు దాటారు. వాగుకు దిగే పశువుల బాటను కూడా కడుపులో పెట్టుకున్నారు. కాళ్లు లేనివారు ఇంత దూరం ఎలా వచ్చారని పిల్లలు అడుగుతున్నారు. పెద్దలు అడగడం లేదు, వాళ్లకు తెలుసు.

మీ నడకలో క్రమశిక్షణ ఉందని ఒప్పుకోవాలి. తూర్పున వకీలు గారి పత్తిచేను. అటు అంగుళం కూడా జరగలేదు. పడమర గాయరాన్, ఊరి పశువులు మేసే బయలు. మీ షికారంతా అటే.

మీరు అసలే వద్దని నేననను. అడవిపందులు ఒక్క రాత్రి వరిచేలో దొర్లితే ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. చేను చుట్టూ నిలబడండి, ఎవరూ కాదనరు. పందికి అడ్డం పడాల్సిన మీరు వాగుకు అడ్డం పడితేనే పేచీ. (ఒంట్లో కరెంటు ఎక్కించుకునే మీ తమ్ముడికి వేరే ఉత్తరం రాయాలి. ఆయనకు పందీ జింకా మనిషీ అందరూ సమానమే.)

1871లో ఇంగ్లీషు దొరలు పశువుల చొరబాటు మీద చట్టం చేశారు. గేదె చేలో పడితే బందెలదొడ్డికి తోలవచ్చు. జరిమానా, మేత ఖర్చు కట్టి యజమాని విడిపించుకోవాలి. న్యాయంగానే ఉంది. మరి చేనే వచ్చి గేదె మేసే బయలులో పడితే? దాన్ని ఏ దొడ్డికి తోలాలి? పట్టుబడిన గేదె తలవంచుకుని నిలబడుతుంది. పట్టుబడిన చేను మాత్రం సాత్‌బారాలో (భూమి రికార్డులో) పేరెక్కించమని తలాఠీ గారికి (ఊరి రెవెన్యూ ఉద్యోగికి) అర్జీ పెడుతుంది.

మీ యజమానికి ఒక మాట చెప్పండి. ఆయన బావిలో ఊరే నీటిలో ఆ గడ్డినేలలో ఇంకిన వాన కూడా ఉంది. ఆయన మిరపతోటకు తోలించుకునే ఎరువు, పగలు బయలులో మేసిన పశువులు రాత్రి మా కొట్టాల్లో వేసినదే. ఆయన నువ్వుచేను పూతకొస్తే వాలే తేనెటీగలకు ఇల్లు బయలు అంచున ఉన్న చెట్ల మీద. బయలును దున్నేసి, బావి ఎండిందని ఇంకో బోరు వేయించడం ఏ లెక్కన లాభమో ఆయనే చెప్పాలి.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలకు చెప్పింది. చాలాకాలంగా ఉన్నామనో, కట్టడాలకు బోలెడు ఖర్చు పెట్టామనో, పలుకుబడి ఉందనో వాటిని క్రమబద్ధం చేయకూడదంది. మీకున్న పట్టాలు సరిగ్గా ఆ మూడే కదా! భూమిలేని కూలీలకు ప్రభుత్వమే ఇచ్చిన చెక్కల వంటి వాటికి కోర్టు మినహాయింపు ఇచ్చింది. నాకూ వారి మీద ఫిర్యాదు లేదు. మీ ముళ్లతీగ కొనే స్తోమత వారికెక్కడిది?

మన గడ్చిరోలి జిల్లాలోనే, ధానోరా తాలూకాలో, మేంఢా-లేఖా అనే గోండుల ఊరుంది. 2009లో అటవీహక్కుల చట్టం కింద 1,800 హెక్టార్ల పైచిలుకు అడవి మీద సామూహిక హక్కు సంపాదించుకున్నారు. అది చాలదన్నట్టు 2013లో తమ సొంత పొలాలను కూడా గ్రామదాన చట్టం కింద గ్రామసభకు అప్పగించాలని నిర్ణయించారు. దున్నుకునేది ఎవరి చెక్క వారే, బయటివారికి అమ్మడం మాత్రం కుదరదు. ఈ దానాల పరంపర మొదలైంది గోదావరికి అవతల, 1951లో, పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా గారికి ఇచ్చిన వంద ఎకరాలతో. మా ఊరు అంత దూరం పోతుందని భయపడకండి. అన్నదమ్ములే గట్టు దగ్గర తలలు పగలగొట్టుకునే ఊరు మాది. మేమడిగేది మేత బయలు, వాగుబాట. అంతే.

ఇక పని సంగతి. గాయరాన్ మోజణీకి (సర్వేకు) గ్రామసభ అర్జీ పెట్టింది, రుసుము ఇంటింటా చందా వేసుకుని కట్టాం. పాత హద్దురాళ్లు మీ స్తంభాల కిందే ఎక్కడో పూడ్చి ఉన్నాయని ఊళ్లో అనుకుంటున్నారు. ఏ స్తంభం కిందో మీరే చెబితే అందరికీ శ్రమ తప్పుతుంది. చెప్పకపోతే వరుసగా అన్నీ తవ్వి చూడాల్సి వస్తుంది. అప్పుడు తమరు పక్కకు ఒరిగితే మా పూచీ లేదు.

ఇట్లు,
మీకు బయటివైపున నిలబడిన గేదెల తరఫున,
వాటి యజమాని