కప్పులు ఐదే, హాలు మాత్రం ఎప్పుడూ ఫుల్

అమెరికా యూనివర్సిటీల మహిళా వాలీబాల్‌లో టైటిళ్ల పట్టిక తీస్తే మొదట కనిపించేది స్టాన్‌ఫర్డ్, తొమ్మిది. తర్వాత పెన్ స్టేట్, ఎనిమిది. నెబ్రాస్కా ఐదింటితో మూడో స్థానంలో ఉంది. ఆ ఐదోది వచ్చింది 2017లో. తర్వాత 2018, 2021, 2023ల్లో ఫైనల్ దాకా వెళ్లి మూడుసార్లూ ఓడింది. అయినా ఈ ఆటకు అక్కడ రాజధాని ఏదంటే చాలామంది నోట వచ్చేది స్టాన్‌ఫర్డ్ ఉన్న కాలిఫోర్నియా కాదు, మొక్కజొన్న చేల మధ్య ఉన్న లింకన్ అనే ఊరు. నెబ్రాస్కా యూనివర్సిటీ ఉన్నది అక్కడే.

కప్పులు తక్కువైనా పేరు ఎందుకు ఎక్కువ? గెలుపు సంప్రదాయాన్ని మనం ఎప్పుడూ అల్మారాలో కప్పులు లెక్కపెట్టి కొలుస్తాం. నెబ్రాస్కా విషయంలో ఆ లెక్క పనికిరాదు. అక్కడి అసలు ఆస్తి ప్రేక్షకులు. కోచ్‌లు, ఆటగాళ్లు, డబ్బు అన్నీ ఆ ప్రేక్షకుల వెనకే వచ్చాయని నా అభిప్రాయం.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది 2023 ఆగస్టు 30న. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే మెమోరియల్ స్టేడియం మధ్యలో వాలీబాల్ కోర్టు వేసి నెబ్రాస్కా, ఒమాహా జట్లను ఆడించారు. వచ్చిన జనం 92,003 మంది. 1923లో కట్టిన ఆ స్టేడియంలో ఫుట్‌బాల్‌కు కూడా అంతమంది ఎప్పుడూ రాలేదు. ఏడాది ముందు బార్సిలోనాలో మహిళల సాకర్ మ్యాచ్‌కు వచ్చిన 91,648 రికార్డు చెరిగిపోయింది. ఇది ప్రపంచ రికార్డేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 1971లో మెక్సికోలో జరిగిన మహిళల సాకర్ ప్రపంచ కప్ ఫైనల్‌కు లక్షకు పైగా వచ్చారంటారు, కాకపోతే ఫిఫా ఆ టోర్నీని గుర్తించలేదు. నెబ్రాస్కాలో ఆట అయ్యాక ఒక గాయకుడి కచేరీ కూడా పెట్టారు, దాన్ని చూపించి పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. ఉండనివ్వండి. రాష్ట్ర జనాభా అప్పటికి 20 లక్షలకు కాస్త తక్కువ. ఇరవయ్యొక్క మందికి ఒకరు చొప్పున ఒక సాయంత్రం స్టేడియంలో ఉన్నట్టు లెక్క. ఒక కచేరీ కోసం అంతమంది కదిలొచ్చారనుకోవడం అమాయకత్వం.

నిజానికి ఆ ఒక్క రోజు కంటే నాకు గొప్పగా అనిపించేది వేరే లెక్క. 2001 నుంచి నెబ్రాస్కా సొంత హాల్లో మామూలు మ్యాచ్‌లన్నిటికీ టికెట్లు పూర్తిగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. మొదట్లో ఆడింది నాలుగు వేల మంది పట్టే పాత కొలీజియంలో. 2013లో బాస్కెట్‌బాల్ జట్టు కొత్త అరీనాకు వెళ్లిపోతే, అది ఖాళీ చేసిన డెవనీ సెంటర్‌ను వాలీబాల్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చారు. సీట్లు దాదాపు రెట్టింపయ్యాయి. అవీ నిండాయి. సీట్లు పెంచితే కళ తగ్గుతుందేమో అన్న భయం ఒక్క సీజన్‌లో తేలిపోయింది. తమాషా ఏమిటంటే, డెవనీ అంటే నెబ్రాస్కాను ఫుట్‌బాల్ దిగ్గజంగా నిలబెట్టిన కోచ్ పేరు.

ఇంత జనం ఎలా తయారయ్యారు? ఆ రాష్ట్రంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్టు లేదు, పెద్ద లీగ్ బేస్‌బాల్ జట్టు కూడా లేదు. అభిమానం అంతా యూనివర్సిటీ జట్ల మీదే. ఫుట్‌బాల్ వాళ్ల ప్రాణం, కానీ ఆ జట్టు జాతీయ టైటిల్ చివరిసారి పంచుకున్నది 1997 సీజన్‌లో. ఆ తర్వాత ఆశ, నిరాశ తప్ప పెద్దగా ఏమీ లేదు. గెలుపు అలవాటైన జనానికి గెలిచే జట్టు ఒకటి కావాలి, అది పక్క హాల్లోనే దొరికింది. దీనికి తోడు రాష్ట్ర పబ్లిక్ టెలివిజన్ ఈ మ్యాచ్‌లను ఏళ్ల తరబడి ఇంటింటికీ చూపించింది. పల్లెటూళ్లలో హైస్కూల్ అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్ అంటే ఊరంతా జిమ్‌లో చేరే రోజు. అమెరికా హైస్కూళ్లలో వాలీబాల్ ఆడే అమ్మాయిలు నాలుగున్నర లక్షలకు పైగా ఉంటారు, వాలీబాల్ ఆడే అబ్బాయిల సంఖ్య అందులో చిన్న వంతే. మన ఊళ్లలో సంక్రాంతి వాలీబాల్ టోర్నీ అంటే అబ్బాయిల ఆట, అమ్మాయిలు మహా అయితే చూడ్డానికి వస్తారు. అక్కడ సీన్ పూర్తిగా తిరగబడి ఉంటుంది. అమెరికాలోని తెలుగు సంఘాలు కూడా ఏటా వాలీబాల్ పోటీలు పెడుతుంటాయి. వాటికి వెళ్లేవాళ్లు ఒకసారి దగ్గర్లోని యూనివర్సిటీ హాల్లో అమ్మాయిల మ్యాచ్ చూస్తే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

అయితే జనం ఉన్నంత మాత్రాన జట్టు రాదు. 1977లో టెర్రీ పెటిట్ కోచ్‌గా చేరేనాటికి నెబ్రాస్కా వాలీబాల్‌లో ఎవరికీ తెలియదు. చదువుల్లో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చి ఐదేళ్లే అయింది. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే మహిళల వాలీబాల్ టోర్నీ ఇంకా మొదలే కాలేదు, అది 1981లో వచ్చింది. వచ్చాక కూడా చాలా ఏళ్లు ఆ కప్పు పడమటి తీరం, హవాయి జట్ల మధ్యే తిరిగింది. 1988లో టెక్సాస్ ఆ గోడ బద్దలుకొట్టింది. 1995లో అదే టెక్సాస్‌ను ఫైనల్లో ఓడించి నెబ్రాస్కా మొదటి కప్పు తెచ్చుకుంది. పెటిట్ వచ్చిన పద్దెనిమిదేళ్లకు. ఇప్పుడు మూడో సీజన్‌కే కోచ్‌ను మార్చేసే యూనివర్సిటీలకు ఈ పద్దెనిమిదేళ్ల ఓపిక ఎక్కడిది?

1977 నుంచి ఇప్పటిదాకా నెబ్రాస్కాకు కోచ్‌లు ముగ్గురే. పెటిట్ దగ్గర అసిస్టెంట్‌గా చేసిన జాన్ కుక్ విస్కాన్సిన్ వెళ్లి సొంతంగా ఒక జట్టు నడిపాడు. పెటిట్ దిగిపోయే ముందు, 1999లో, తిరిగొచ్చి ఒక సీజన్ పక్కనే ఉండి పని చూశాడు. 2000లో పగ్గాలు తీసుకున్న మొదటి ఏడాదే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచాడు. తర్వాత 2006, 2015, 2017. 2025 జనవరిలో కుక్ రిటైర్ అయినప్పుడు వచ్చిన డానీ బుస్‌బూమ్ కెల్లీ కథ కూడా దాదాపు ఇదే. నెబ్రాస్కా పల్లెలో పొలం పనుల మధ్య పెరిగింది, ఇక్కడే ఆడింది, కుక్ దగ్గర అసిస్టెంట్‌గా చేసింది, లూయివిల్ యూనివర్సిటీకి వెళ్లి ఆ జట్టును రెండుసార్లు జాతీయ ఫైనల్‌కు తీసుకెళ్లింది, మళ్లీ ఇంటికొచ్చింది.

ఆమె ఆటగత్తెగా ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే సంప్రదాయం అనే పెద్ద మాట కోర్టులో ఎలా ఉంటుందో అందులో కనబడుతుంది. ఆమె సెట్టర్, అంటే మన గ్రౌండ్లలో లిఫ్టర్. జట్టు ఆట మొత్తం నడిచేది ఆ స్థానం నుంచే. 2006లో రేచల్ హాలోవే అనే మొదటి సంవత్సరం అమ్మాయి వచ్చింది. సెట్టింగ్ ఆమెకు అప్పగించి, సీనియర్ అయిన బుస్‌బూమ్‌ను లిబెరోగా మార్చారు. వెనక లైన్లోనే ఉండి సర్వీసులు అందుకుంటూ, స్మాష్‌లు లేపుతూ ఆడాలి. వలపైకి లేచి కొట్టేది లేదు, పేపర్లో పేరు వచ్చేది అంతకన్నా లేదు. ఆ సీజన్ చివర ఒమాహాలో, సొంత రాష్ట్రంలో 17 వేల మంది ముందు, స్టాన్‌ఫర్డ్‌ను 3-1తో ఓడించి కప్పు గెలిచారు. తొలి ఏడాది అమ్మాయి కోసం స్థానం వదులుకున్న సీనియర్ ఇవాళ అదే జట్టుకు కోచ్.

ఆ 2006 జట్టులోనే జోర్డన్ లార్సన్ ఉంది. ఊరు హూపర్, జనాభా వెయ్యికి లోపు. నాలుగు ఒలింపిక్స్ ఆడింది, నాలుగింట్లోనూ పతకం తెచ్చింది: 2012లో వెండి, 2016లో కాంస్యం, టోక్యోలో బంగారం, 2024లో మళ్లీ వెండి. టోక్యోలో అమెరికా మహిళలకు వచ్చింది ఈ ఆటలో వాళ్ల తొలి స్వర్ణం. ఆ జట్టులో లార్సన్‌తో పాటు కెల్సీ రాబిన్సన్, జస్టిన్ వాంగ్-ఒరాంటెస్ కూడా నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టులో ఆడినవాళ్లే. వెయ్యి మంది లేని ఊరి పిల్లకు తన దారి కళ్లముందే కనిపించడం చిన్న విషయం కాదు. టీవీలో చూసిన జట్టు కారులో వెళ్తే అందే దూరంలోనే ఉంది మరి.

పెన్ స్టేట్‌ను పక్కన పెట్టి చూస్తే నెబ్రాస్కా ప్రత్యేకత ఇంకా బాగా అర్థమవుతుంది. రికార్డుల్లో పెన్ స్టేట్‌దే పైచేయి. 2007 నుంచి 2010 వరకు వరుసగా నాలుగు కప్పులు, మధ్యలో వరుసగా 109 విజయాలు. కోచ్ రస్ రోజ్ 1979 నుంచి 2021 దాకా ఒకే చోట ఉన్నాడు, ఏడు టైటిళ్లు ఆయనవే. 2008 సెమీఫైనల్ నాటికి ఆ జట్టు సీజన్ మొత్తంలో ఒక్క సెట్టు కూడా ఓడలేదు. ఒమాహాలో నెబ్రాస్కా తొలి రెండు సెట్లు పోగొట్టుకుని, తర్వాతి రెండూ గెలిచి, ఐదోదాంట్లో ఓడిపోయింది. నెబ్రాస్కా అభిమానులు కప్పుల గురించి ఎంత చెబుతారో ఆ ఓటమి గురించి అంతే చెబుతారు. నా వరకు తేడా అదే. పెన్ స్టేట్ సంప్రదాయం ఎక్కువ భాగం ఒక మనిషి కట్టింది. నెబ్రాస్కాది చేతులు మారినా చెడలేదు.

అలాగని అంతా మెచ్చుకోలుగా రాస్తే అబద్ధమవుతుంది. ఇది మహిళల ఆట అని గర్వంగా చెప్పుకునే ఈ రంగంలో, 1981లో టోర్నీ మొదలైన దగ్గర్నుంచి 2023 వరకు ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన హెడ్ కోచ్ ప్రతిసారీ మగవాడే. నెబ్రాస్కా ఐదు కప్పులూ మగ కోచ్‌లవే. 2024 డిసెంబర్‌లో ఫైనల్‌కు వచ్చిన రెండు జట్లకూ మహిళలే కోచ్‌లు: పెన్ స్టేట్‌కు కేటీ షూమాకర్-కాలీ, లూయివిల్‌కు బుస్‌బూమ్ కెల్లీ. ఎవరు గెలిచినా చరిత్రే. బ్రెస్ట్ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూనే సీజన్ నడిపిన షూమాకర్-కాలీ గెలిచింది. ఆమె కూడా 1999లో ఆటగత్తెగా పెన్ స్టేట్‌కు తొలి కప్పు తెచ్చిన జట్టులో మనిషే. ఓడిన కోచ్‌ను నెలన్నర తిరగకుండా నెబ్రాస్కా పిలిచి పీట వేసింది. మంచి నిర్ణయం. కానీ దానికి నలభై ఎనిమిదేళ్లు ఎందుకు పట్టిందన్నది లింకన్‌లో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న.

కుక్ చివరి మ్యాచ్ కూడా అదే పెన్ స్టేట్‌తోనే. 2024 సెమీఫైనల్లో రెండు సెట్లు ముందుండి, నాలుగో సెట్లో మ్యాచ్ పాయింట్ దాకా వచ్చి కూడా చేజార్చుకున్నారు. బుస్‌బూమ్ కెల్లీ తొలి సీజన్, 2025, ఇంకా చేదు. ఒక్క ఓటమి కూడా లేకుండా రీజనల్ ఫైనల్, అంటే క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చి, సొంత హాల్లో, ఐదు సెట్లు ఆడి టెక్సాస్ ఏ అండ్ ఎం చేతిలో ఓడారు. ఆ జట్టే తర్వాత కప్పు కూడా ఎగరేసుకుపోయింది. ఏడాదంతా గెలిచి ఒక్క రాత్రి ఓడితే విఫలమైనట్టు లెక్కగట్టడం కూడా ఈ సంప్రదాయం తెచ్చిపెట్టిన భారమే. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లల మీద అంత టెన్షన్ పెట్టడం న్యాయమేనా అన్నది ఆలోచించాల్సిందే.

ఇప్పుడు ఇంకో మార్పు నడుస్తోంది. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల జట్టు అన్న మాట ఇప్పుడు సగమే నిజం. ఇటీవలి జట్టులో ముఖ్యులైన హార్పర్ ముర్రే మిషిగన్ నుంచి, బెర్గెన్ రైలీ సౌత్ డకోటా నుంచి, ఆండీ జాక్సన్ కొలరాడో నుంచి వచ్చారు. రెబెకా ఆలిక్ మాత్రం లింకన్ అమ్మాయే. దేశంలో ఎక్కడి పిల్లయినా నిండిన హాల్లో ఆడాలనుకుంటుంది కాబట్టి ఇది సహజమే. ఒమాహాలో ప్రొఫెషనల్ జట్టు సూపర్‌నోవాస్ కూడా వచ్చింది, 2024లో అది ఆడే లీగ్ తొలి టైటిల్ దానిదే. కాలేజీ జట్టు పెంచిన ప్రేక్షకులే దానికీ టికెట్లు కొన్నారు.

అసలు పరీక్ష డబ్బు దగ్గర. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాదికి గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకూ కలిపి. దేశమంతా ఆ మొత్తంలో సింహభాగం ఫుట్‌బాల్‌కు, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కు పోతోంది. వాటి ఆదాయమే ఎక్కువ కదా అన్నది వాదన. నెబ్రాస్కాలో ఈ వాదన అంత తేలిగ్గా చెల్లదు. ఖర్చు కంటే ఎక్కువ సంపాదించే మహిళా జట్లు అమెరికా కాలేజీల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, వాటిలో ఇదొకటి. ఆదాయంలో ఫుట్‌బాల్‌కు ఇది సాటి రాదన్నది నిజమే. కానీ 1997 తర్వాత ఆ ఫుట్‌బాల్ జట్టు తెచ్చిన జాతీయ టైటిళ్లు సున్నా, వాలీబాల్ జట్టు తెచ్చినవి నాలుగు. పంపకాల పట్టికలో ఈ సంగతికి ఎన్ని డాలర్ల విలువ కడతారో చూడాలి.